నానని పలకను నానబెట్టడం

మా హాలు నేల పూర్తిగా తీసేసి కొత్త టైల్స్ వేయించాలని చాలా కాలంగా అనుకుంటూ, ఈ వేసవిలో పని మొదలుపెట్టాం. టైల్స్ వేయించుకోవడం గురించి కూడా వ్యాసమా అని పాఠకులు నవ్వుకోవచ్చు. హేతువాది రాయడానికి ఇంకేమీ విషయాలు లేవా అని మా సంఘం మిత్రుడొకరు అడిగారు కూడా. బాబాల గురించి, జాతకాల గురించి మనం చాలానే రాశాం. కానీ మూఢనమ్మకం గుడిలోనూ ఆశ్రమంలోనూ మాత్రమే వుండదు. సిమెంటు తట్టలో కూడా వుంటుంది. పైగా ఇప్పుడు నేను చెప్పబోయే మూఢనమ్మకం నాది. అందుకే రాయక తప్పదనిపించింది.

ముందే ఒక మాట. నేను ఇంజనీరును కాను. చరిత్రలో పట్టా లేదు. బి.కాం. చదివి, రక్షణ శాఖ లెక్కల విభాగంలో ముప్పయ్యారేళ్లు పనిచేసి రిటైరయ్యాను. కంటోన్మెంటు కట్టడాల బిల్లులు కొన్ని వందలు నా బల్ల మీదుగా పోయాయి. చదరపు మీటరు నేలకు ఎంత రేటో, ఎంత సిమెంటు పడుతుందో కాగితం మీద బాగా తెలుసు. కాగితం మీద తెలియడం వేరు, నేల మీద తెలియడం వేరు అని మా హాలే నాకు నేర్పింది.

ఆ రాత్రి జరిగింది

2017 జనవరి. సంక్రాంతి వెళ్లిన వారం. తెల్లవారుజామున మూడున్నర వేళ హాల్లో తుపాకి పేలినట్టు పెద్ద చప్పుడు. లేచి లైటు వేసి చూస్తే, హాలు మధ్యలో రెండు వరుసల టైల్స్ ఒకదానికొకటి ఆనుకుని పూరి గుడిసె కప్పులాగా పైకి లేచి నిలబడి వున్నాయి. వాటి కింద ఏమీ లేదు. ఎవరూ లేరు. ఏ వస్తువూ పడలేదు.

మా అమ్మకు అప్పటికి ఎనభై రెండేళ్లు. చప్పుడుకు ఆవిడ కూడా లేచి వచ్చింది. "అమ్మా, ఆగు" అని నేను అనేలోపే లేచిన అంచు కాలికి తగిలి పడిపోయింది. కుడిచేతి మణికట్టు ఎముక విరిగింది. ఆరు వారాలకు ఎముక అతుక్కుంది గానీ, ఆ తర్వాత అమ్మ హాల్లో గోడ పట్టుకోకుండా నడవలేదు. 2020లో పోయేవరకు అంతే.

ఇక బంధువులు. అర్ధరాత్రి నేల దానంతట అదే పగిలింది కాబట్టి శాంతి చేయించాలన్నారు. మా బావమరిది అయితే, "బావగారూ, మీ ఇంటికి నైరుతి పల్లంగా వుందని గృహప్రవేశం నాడే చెప్పాను. మీరు నవ్వేశారు" అన్నాడు. నేను అప్పుడు కూడా నవ్వేశాను. వస్తువులు వేడికి వ్యాకోచిస్తాయి, చలికి సంకోచిస్తాయి అని ఎనిమిదో తరగతి పాఠం అందరికీ ఒప్పచెప్పాను. శాంతి జరగలేదు. ఆ మాత్రం గర్వపడ్డాను.

మర్నాడు పగిలిన టైల్ ఒకటి తిరగేసి చూశాను. వెనకవైపు దుకాణం నుంచి అప్పుడే తెచ్చినంత శుభ్రంగా వుంది. సిమెంటు రవ్వంత కూడా అంటలేదు. కింద నేల మీద సిమెంటు గట్టిగానే వుంది. టైల్ వెనక వున్న గళ్లు ఆ సిమెంటులో అచ్చు గుద్దినట్టు స్పష్టంగా పడి వున్నాయి. అంటే ఏడేళ్ల పాటు ఆ టైల్ సిమెంటు మీద కూర్చుని వుంది తప్ప దాన్ని పట్టుకుని లేదు. నేను చెప్పిన ఎనిమిదో తరగతి పాఠం తప్పు కాదు. కానీ సగమే. వ్యాకోచ సంకోచాలు ప్రతి ఇంట్లోనూ వుంటాయి, ప్రతి ఇంట్లోనూ నేల పేలదు కదా?

అప్పుడు 2010 గుర్తుకొచ్చింది. ఆ నేల వేసేటప్పుడు మేస్త్రీ ఒక మాట అన్నాడు. "సార్, ఇవి నీళ్లు తాగే టైల్స్ కావు. జాయింటు కూడా కొంచెం వదులుదాం." నేను వినలేదు. మా నాన్నగారు 1974లో ఇల్లు కట్టినప్పుడు టైల్స్ రాత్రంతా తొట్టిలో నానబెట్టారు. తెల్లారి బొట్లు కారుతుండగా తీసి, సిమెంటు పాలు పూసి, సందు కనపడకుండా వేయించారు. ఆ నేల ఈనాటికీ చెక్కు చెదరలేదు. "మా నాన్నగారి పద్ధతే మాకు కావాలి" అన్నాను. ఈ వాక్యం వేరే విషయంలో వేరే వాళ్ల నోట వింటే నేను ఎంత తీవ్రంగా వాదించేవాడినో మా సంఘం సభ్యులకు తెలుసు.

పలకల వెనక చరిత్ర

ఆ సిగ్గుతోనే మన దేశంలో నేల పలకల చరిత్ర కొంత చదివాను. చదివినకొద్దీ ఒక సంగతి తేలింది. పలక మారినప్పుడల్లా దాని కింద చేసే పని కూడా మారాలి. చరిత్ర పుస్తకాలు పలక ముఖం గురించి రాస్తాయి. పలక నిలిచిందా లేదా అన్నది మాత్రం దాని వీపు నిర్ణయిస్తుంది.

రాజస్థాన్‌లోని కాలీబంగన్‌లో 1960లలో పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. బి.బి.లాల్, బి.కె.థాపర్ గార్ల ఆధ్వర్యంలో జరిగిన ఆ తవ్వకాల్లో సుమారు నాలుగున్నర వేల ఏళ్ల కిందటి ఒక హరప్పా ఇంటి నేల బయటపడింది. కాల్చిన మట్టి పలకలు, వాటిమీద ఒకదాన్నొకటి ఖండించుకునే వృత్తాల అలంకారం. నిగారింపు పూత లేదు. ఉత్త మట్టి. అలాంటి పలక నీళ్లు పీల్చుకుంటుంది, కింద వున్న మట్టిలోని తేమతో పాటు బతుకుతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది కాశ్మీరులోని హర్వాన్. శ్రీనగర్ పక్కన, షాలిమార్ తోటకు దగ్గర్లో, 1920లలో రామచంద్ర కాక్ గారు అక్కడ ఒక బౌద్ధ ఆలయాన్ని తవ్వి తీశారు. దాని ఆవరణ అంతా అచ్చు పోసి కాల్చిన మట్టి పలకలు పరిచారు. క్రీ.శ. 300 - 500 మధ్య కాలానివని పండితుల అంచనా. మనుషులు, జింకలు, బాతులు, పూలు వున్న ఆ పలకల మీద ఖరోష్ఠీ లిపిలో అంకెలు వున్నాయి. ఏ పలక ఎక్కడ రావాలో గుర్తు కోసం వేసినవని పరిశోధకులు వివరించారు. బొమ్మల సంగతి కళాభిమానులు చూసుకుంటారు. లెక్కల మనిషిని కాబట్టి నా మనసు అంకెల దగ్గర ఆగింది. నేల పరచకముందే ఎవరో కూర్చుని లెక్క వేసుకున్నారన్న మాట! అంకె వేసిన ఆ పనివాడి పేరు మనకు తెలియదు. అతను ముందుగా ఆలోచించాడన్న సంగతి మాత్రం పదిహేను వందల ఏళ్ల తర్వాత కూడా కనిపిస్తోంది.

తర్వాత నిగారింపు పలకలు వచ్చాయి. మన దక్కనులో బీదరులోని మహమూద్ గవాన్ మదరసా (1472) ముఖమంతా పారశీక పద్ధతి రంగు పలకలతో కప్పారు. ఇప్పుడు అక్కడికి వెళితే కొద్ది భాగమే మిగిలి కనిపిస్తుంది. 17వ శతాబ్దం చివర జరిగిన మందుగుండు పేలుడులో కట్టడంలో కొంత భాగమే పోయింది. మిగిలిన పలకలు కాలక్రమేణా రాలిపోయాయి. మన హైదరాబాదులో, చార్మినారుకు దగ్గర్లో వున్న బాద్‌షాహీ అషుర్‌ఖానా గోడల మీది పలకల పని 1611 నాటిది. అంత అందమైన పనిలో కింది భాగం 1908 మూసీ వరదలో దెబ్బతింది. పలక వెనక్కి నీళ్లు చేరితే రాజు కట్టించిన గోడ అయినా ఒకటే, నా స్నానాల గది అయినా ఒకటే.

సామాన్యుల ఇళ్లకు పలక చాలా ఆలస్యంగా వచ్చింది. మన ఊళ్లలో పేడతో అలికిన మట్టినేల, కాస్త కలిగినవారికి సున్నపు గచ్చు, తాండూరు వైపు నాపరాళ్లు, సీమలో కడప బండలు. 1896లో బొంబాయిలో ప్లేగు వచ్చాక నేల గురించిన ఆలోచన మారింది. జబ్బు నేలలోని మురికి నుంచి పుడుతుందనుకుని అధికారులు ఇళ్లలో మట్టినేలలు తవ్వించారు, గోడలకు సున్నం కొట్టించారు. 1898లో పాల్ లూయీ సైమండ్ అనే ఫ్రెంచి వైద్యుడు ఎలుక మీది గోమారి వల్ల ప్లేగు పాకుతుందని చూపించాడు. మొదట చాలామంది ఒప్పుకోలేదు. తర్వాతి పరిశోధనలు ఆయన మాటే నిలబెట్టాయి. ఎలుక తవ్వలేని, కడిగితే శుభ్రపడే నేల కావాలన్న కోరికకు అప్పటి నుంచి బలం పెరిగింది. సైన్సు కూడా పొరబడుతుంది. పొరబాటును సాక్ష్యంతో దిద్దుకుంటుంది. అదే తేడా.

అప్పట్లో మంచి పలకలు ఇంగ్లండు నుంచి ఓడల్లో వచ్చేవి. 1922లో సిధ్వా కుటుంబం బొంబాయిలో భారత్ టైల్స్ పెట్టింది స్వదేశీ ఉద్యమ స్ఫూర్తితోనే. అది రంగు సిమెంటు పలక. బట్టీలో కాల్చేది కాదు, అచ్చులో నొక్కి, నీళ్లలో వుంచి గట్టిపరిచేది. చెట్టినాడులో ఆత్తంగుడి పలకలు కూడా ఆ జాతివే. అక్కడ గాజు పలక మీద రంగు పోసి చేత్తో తయారుచేస్తారు. మా తరం ప్రభుత్వ క్వార్టర్లలో చూసిన మొజాయిక్ కూడా సిమెంటు కుటుంబమే. ఆ మొజాయిక్ నేలలో సన్నని గాజు పట్టీలు పెట్టి గళ్లుగా విడగొట్టేవారు. చిన్నప్పుడు అది అందం కోసం అనుకునేవాణ్ణి. నేల ముడుచుకున్నప్పుడు ఎక్కడపడితే అక్కడ పగలకుండా ఆ పట్టీ దగ్గరే సర్దుకోవడానికి అని రిటైరయ్యాక తెలిసింది.

నానబెట్టడం ఎందుకు పుట్టింది

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మట్టి పలకైనా, సిమెంటు పలకైనా, మా నాన్నగారి కాలపు ఆరంగుళాల తెల్ల గోడ టైల్ అయినా, వాటన్నిటికీ ఒంటినిండా కంటికి కనపడని రంధ్రాలుంటాయి. పొడి పలకను తడి సిమెంటు మీద పెడితే సిమెంటులోని నీళ్లను పలక లాగేసుకుంటుంది. సిమెంటు గట్టిపడటానికి నీళ్లు కావాలి. నీళ్లు పోయిన సిమెంటు బూడిదలా రాలిపోతుంది. అందుకని పలకకు ముందే కడుపునిండా నీళ్లు తాగించారు. సిమెంటు పాలు ఆ రంధ్రాల అంచుల్లోకి వేళ్లు పోనిచ్చి గట్టిపడేది. పలక పట్టుకునేది. ఎంత చక్కని పద్ధతి! అది మూఢనమ్మకం కాదు. ఎవరో జాగ్రత్తగా గమనించి కనిపెట్టిన పని.

1990ల చివర నుంచి మన మార్కెట్లోకి విట్రిఫైడ్ టైల్స్ వచ్చాయి. గుజరాత్‌లోని మోర్బీ నుంచి లారీల్లో ఊరూరికీ చేరాయి. మట్టి, ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ పొడిని చాలా ఎక్కువ ఒత్తిడితో నొక్కి, సుమారు 1200 డిగ్రీల వేడిలో కాలిస్తే లోపలి రంధ్రాలు దాదాపు పూర్తిగా మూసుకుపోతాయి. భారత ప్రమాణం 15622 టైల్స్‌ను అవి పీల్చే నీటిని బట్టే తరగతులుగా విడగొట్టింది. గోడలకు వాడే రకం 10 శాతం పైన పీలుస్తుంది. విట్రిఫైడ్ 0.5 శాతం లోపే. అంటే ఒకటి స్పాంజి, రెండోది సీసా.

సీసాను రాత్రంతా నానబెడితే ఏమవుతుంది? ఏమీ కాదు. పైగా వీపు మీద తడి పొర మిగిలి సిమెంటుకూ పలకకూ మధ్య అడ్డుపడుతుంది. రంధ్రాలే లేనప్పుడు సిమెంటు వేళ్లు ఎక్కడికి పోతాయి? అందుకే ఈ రకానికి పాలిమర్ కలిపిన అడ్హెసివ్ కావాలి. దానికి భారత ప్రమాణం 15477 అని 2004లోనే వచ్చింది. నేను నేల వేయించింది 2010లో. ప్రమాణం ఆరేళ్ల ముందే వుంది. నా దగ్గర వున్నది మాత్రం 1974.

పలక మారింది, ఆచారం మారలేదు. కారణం చచ్చిపోయాక కూడా బతికి వున్న పద్ధతినే మనం మూఢాచారం అంటాం. అది గుడిలో వుంటే గుర్తుపడతాం. మన నాన్నగారి మీది గౌరవం రూపంలో వుంటే గుర్తుపట్టం.

మూడు మిల్లీమీటర్ల లోటు

మరి ఆ రాత్రి ఎందుకు పేలింది? లెక్క రాసి చూశాను. మేం వుండేది మొదటి అంతస్తు. హాలు పొడవు 6 మీటర్లు. కాంక్రీటు స్లాబు ఆరుతూ ఏళ్ల తరబడి ముడుచుకుంటుంది. మీటరుకు 0.3 నుంచి 0.5 మి.మీ. వరకు సాధారణం. అంటే 6 మీటర్లకు సుమారు 2 నుంచి 3 మి.మీ. టైల్ అలా ముడుచుకోదు. పైగా చలికి కాంక్రీటు ముడుచుకున్నంత టైల్ ముడుచుకోదు. కాబట్టి జనవరిలో తెల్లవారుజామున, అంటే రోజంతటిలో చలి ఎక్కువైన వేళ, కింది స్లాబు బిగుసుకుంటుంటే పైనున్న టైల్స్ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. గోడ నుంచి గోడకు సందు లేకుండా వేయించాను కాబట్టి పక్కకు పోయే దారి లేదు. వీపు పట్టుకుని లేదు కాబట్టి పైకి లేచాయి.

మరొక చిన్న లెక్క. మా టైల్ పొడవు 600 మి.మీ. రెండు టైల్స్ కలిసి 1200. ఆ 1200 మి.మీ. చోటు 3 మి.మీ. తగ్గితే రెండూ కలిసేచోట ఎంత ఎత్తు లేస్తుంది? స్కూల్లో నేర్చుకున్న లంబకోణ త్రిభుజం సూత్రంతో చూడండి: 42 మి.మీ. కంటికి కనపడని మూడు మిల్లీమీటర్ల లోటు నాలుగు సెంటీమీటర్ల గుడిసె అయింది. లెక్క స్థూలమైనదే. కానీ మా అమ్మ కాలికి తగిలిన అంచు ఎత్తు ఇంచుమించు అంతే.

ఇందులో దెయ్యం లేదు, నైరుతి లేదు. ఆ మాట బంధువులకు గట్టిగా చెప్పాను. కానీ అందులో నా మాట వుంది. ఆ సంగతి మాత్రం అప్పుడు ఎవరికీ చెప్పలేదు. అమ్మకు కూడా చెప్పలేదు. "పాడు నేల" అని ఆవిడ నేలనే తిట్టుకుంది. మధ్య రెండు వరుసలు అతికించి అప్పటికి సరిపెట్టాం.

ఈసారి ముందు పని

ఈసారి వచ్చిన మేస్త్రీది పాలమూరు వైపు. ఇరవై ఏళ్ల అనుభవం. వచ్చీరాగానే నీళ్ల తొట్టి ఎక్కడుందని అడిగాడు. విట్రిఫైడ్ టైల్ నానబెట్టడం ఎందుకయ్యా అన్నాను. అతను నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, "నాకు తెల్వక కాదు సార్. నానబెట్టకుంటె మీలాంటి సార్లే కొట్లాడుతరు. పని రాదంటరు, పైసలు కోస్తరు. అందుకే నానబెడత" అన్నాడు.

ఆ మాట సూటిగా తగిలింది. మూఢనమ్మకం అంటే చదువులేని వాళ్లకు వుండేదని, చదువుకున్న మనం పోగొట్టాలని మనకొక అభిప్రాయం. ఇక్కడ చదువుకున్న వాళ్ల నమ్మకాన్ని కూలి కోసం పనివాడు మోస్తున్నాడు.

ఇద్దరం కలిసి ఒక పరీక్ష చేశాం. వంటింటి త్రాసు తెచ్చి, పాత స్నానాల గది గోడ టైల్ ముక్క ఒకటి, కొత్త విట్రిఫైడ్ ముక్క ఒకటి తూచాం. రెండూ ఒక రోజంతా బకెట్లో వుంచి, తుడిచి మళ్లీ తూచాం. గోడ టైల్ ముక్క 412 గ్రాములు వున్నది 473 అయింది. దాదాపు 15 శాతం. విట్రిఫైడ్ ముక్క 500 గ్రాములు వుండేది 500 గ్రాములే వుంది. ప్రయోగశాలలో పద్ధతి ఇంతకన్నా కచ్చితంగా వుంటుంది. మాకు ఇది చాలు. "సుక్క గూడ తాగలే" అని మేస్త్రీ ఆ ముక్క అటూ ఇటూ తిప్పి చూశాడు.

ఇక మిగతా ముందు పనులు. పాత టైల్స్ అన్నీ తీశాక కింది సిమెంటును సుత్తి పిడితో కొట్టుకుంటూ పోయాం. గట్టిగా వున్నచోట ఖంగుమంటుంది, డొల్లగా వున్నచోట బోలుగా మోగుతుంది. డొల్ల చోట్లన్నీ సుద్దతో గీత గీసి తవ్వించాం. కిటికీ పక్కన తేమ అనుమానం వుంటే అడుగు చదరం ప్లాస్టిక్ కాగితం నాలుగువైపులా టేపుతో అంటించి ఒక రోజు వుంచాం. తీస్తే లోపల చెమట పట్టలేదు. రెండు మీటర్ల అల్యూమినియం బద్దీ నేలకు ఆనించి, ఎక్కడ వెలుతురు కనిపిస్తే అక్కడ పల్లమని గుర్తుపెట్టి సరిచేశాం. టైల్ కింద ముద్దలు ముద్దలుగా పెట్టి మట్టం చేయడం వద్దన్నాం. అలా పెడితే మధ్యలో డొల్ల మిగులుతుంది.

బాల్కనీ దగ్గర బావమరిది మళ్లీ వచ్చాడు. "బావగారూ, వాటం ఈశాన్యానికి వుండాలి" అన్నాడు. నీళ్ల గొట్టం ఆగ్నేయ మూలన వుంది. "సరే, ఈశాన్యానికి పెడదాం. అక్కడ చేరిన నీళ్లు రోజూ నువ్వొచ్చి ఎత్తిపోస్తావా?" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. వాటం గొట్టం వైపే పెట్టించాను. ఈసారి నవ్వేటప్పుడు కొంచెం తగ్గే వున్నాను.

టైల్స్ మధ్య 3 మి.మీ. జాయింటు. చుట్టూ గోడల దగ్గర 8 మి.మీ. ఖాళీ, అది స్కర్టింగ్ కింద కనపడదు. పళ్ల తాపీతో అడ్హెసివ్ నేలకు గీసి, టైల్ వీపుకు కూడా పలచగా పూయడం. మొదటి టైల్ అతికించిన వెంటనే మళ్లీ లేపి తిరగేసి చూడడం. వీపంతా అంటిందా లేదా? అంటకపోతే అప్పుడే తెలుస్తుంది, ఏడేళ్లు ఆగనక్కర్లేదు. జారని గరుకు రకం టైల్ తీసుకున్నాం. అమ్మ లేదు, కానీ ఇప్పుడు ఆ వయసుకు నేను నడుస్తున్నాను.

కట్టడాల లెక్కల్లో ఒక పాత నియమం వుంది. కప్పబడిపోయే పనిని కప్పకముందే కొలిచి కొలతల పుస్తకంలో రాయాలి. కప్పేశాక ఎవరూ చూడలేరు కాబట్టి. ఉద్యోగంలో వున్నన్నాళ్లు ఆ సంతకాలు వున్నాయా లేవా అని చూశాను. ఆ నియమం వెనక ఇంత బుద్ధి వుందని ఇంట్లో నేల పేలాక అర్థమైంది.

దుమ్ము ఎవరి ఖాతాలో

ఒక్క విషయం చెప్పకుండా ముగిస్తే ఈ లెక్క తప్పు లెక్క అవుతుంది. టైల్‌లో క్వార్ట్జ్ వుంటుంది. పొడిగా మిషన్‌తో కోస్తే లేచే తెల్ల దుమ్ములో కంటికి కనపడని సిలికా వుంటుంది. అది ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. సిలికోసిస్ వస్తే తగ్గించే మందు లేదు. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో బలపాలు కోసే కార్మికులు ఈ జబ్బుతో నడివయసు రాకుండానే పోయారు. పిల్లలు అక్షరాలు దిద్దే బలపం అది. 1948 ఫ్యాక్టరీల చట్టం దీన్ని తెలియజేయవలసిన జబ్బుల పట్టికలో పెట్టింది. 1997లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధనా విభాగం ఈ దుమ్మును క్యాన్సర్ కారకమని ప్రకటించింది. చట్టం ఫ్యాక్టరీ గోడ దగ్గర ఆగిపోతుంది. మన బాల్కనీలో కూర్చుని టైల్ కోసే కుర్రాడి దగ్గరికి రాదు.

టైల్ తయారయ్యే చోట కూడా ఇలాంటి లెక్కే వుంది. మోర్బీ ప్రాంతంలో బొగ్గుతో గ్యాసు తీసే యంత్రాలను 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ మూయించే వరకు ఆ మలినం అక్కడి గాలికీ నీళ్లకీ చేరింది. మనకు దక్కిన చవక ధరలో ఆ ఖర్చు రాయలేదు.

మేస్త్రీతో వచ్చిన కుర్రాడికి పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లుంటాయి. ముక్కుకు చేతిరుమాలు కట్టుకున్నాడు. చేతిరుమాలు సిలికాను ఆపదు. అది కూడా తాయెత్తు లాంటిదే. నీళ్లు కారుతూ కోసే మిషను అద్దెకు తెప్పించాను, మంచి మాస్కులు కొన్నాను. అద్దె, మాస్కులు కలిపినా మొత్తం ఖర్చులో అది చాలా చిన్న పద్దు. 2010లో ఆ పద్దు నా అంచనాలో లేదు. అప్పుడు మా బాల్కనీలో రెండు రోజులు పొడి దుమ్ములో కూర్చుని కోసిన మనిషి ఇప్పుడు ఎలా వున్నాడో నాకు తెలియదు. మా ఇల్లంతా తెల్లదుమ్ము చేస్తున్నాడని అప్పట్లో విసుక్కున్నట్టు మాత్రం గుర్తుంది.

మా ఇంట్లో రేపటి నుంచి టైల్స్ పరుస్తారు. ఈ రోజు సాయంత్రం వాటిని నేల మీద పొడిగా పరిచి సరిచూసుకుని, ప్రతి టైల్ వీపు మీద పెన్సిల్‌తో అంకె వేశాం. ఎందుకని మా ఆవిడ అడిగితే హర్వాన్ సంగతి చెప్పాను. కింద ఏం వేశాం, ఎంత మందం, ఏ తేదీ, ఎవరు చేశారు అన్నీ ఒక కాగితం మీద రాసి, మేస్త్రీ చేత, కుర్రాడి చేత కూడా సంతకాలు పెట్టించాను. రేపు మా పిల్లలు ఈ నేల తీసినప్పుడు "మా నాన్నగారి పద్ధతి" అని గుడ్డిగా అనుకోకుండా, ఆ పద్ధతి ఎందుకో కూడా వాళ్లకు తెలియాలి. అప్పటికి పలక మారితే పద్ధతి మార్చుకోమని కాగితం చివర రాశాను.

వెళ్లేటప్పుడు మేస్త్రీ ఆ రెండు ముక్కలూ, గోడ టైల్‌దీ విట్రిఫైడ్‌దీ, సంచిలో వేసుకున్నాడు. ఎందుకయ్యా అంటే, "వేరే సార్లకు జూపెడత. నేను జెప్తె ఇనరు, తూకం జెప్తె ఇంటరు" అన్నాడు.